బాయి నుంచి గంగ ఒడ్డుకు: బొగ్గు సీమలో నడుంనొప్పి, చదును నడక

రామగుండం బొగ్గు సీమకు సముద్రం లేదు. దగ్గరి కడలి తీరాలు బాపట్ల సూర్యలంక, బందరు మంగినపూడి. రైలు దారిన వీటికి చేరాలంటే మూడున్నర వందల కిలోమీటర్లు దాటాలి. ఈ సీమకు ఉన్న ఒడ్డల్లా గోదావరిదే. గోదావరిఖని దక్షిణపు గట్టున, మంచిర్యాల ఉత్తరపు గట్టున ఉంటాయి. రెండు వైపులా జనం ఈ నదిని గంగ అనే పిలుస్తారు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, నడుము దెబ్బతిన్న కార్మికుడికి కొన్ని వారాలు పోయాక డాక్టరు ‘నడువు, కానీ ఎత్తుపల్లాలు లేనిచోట నడువు’ అని చెబుతాడు. అప్పుడు వెతుక్కోవలసిన చదును నేల ఈ సీమలో ఎక్కడుంది, ఎట్లా ఏర్పడింది, ఎట్లా తగ్గుతూ వచ్చింది అన్నది అరవై ఏళ్లకు పైబడిన సంగతి. గనుల చరిత్ర రాసేవాళ్లు ఉత్పత్తి లెక్కలూ సమ్మెలూ ప్రమాదాలూ రాశారు గానీ నడుం గురించి రాసింది తక్కువ.

ఈ గనులు తవ్వే సింగరేణి కంపెనీ కథ ఇక్కడ మొదలు కాలేదు. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి ఆ ఆస్తులను తీసుకుంది. ఆ తేదీనే ఇప్పటికీ సింగరేణి దినోత్సవంగా జరుపుతారు. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొనడంతో అది సర్కారు కంపెనీ అయింది. ఇల్లెందు తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి పెరిగాయి. రామగుండం వంతు 1960 దశకం తొలి ఏళ్లలో వచ్చింది. గోదావరి పక్కన అడవీ పల్లెలూ ఉన్నచోట ఒకటో ఇంక్లైన్, రెండో ఇంక్లైన్ అంటూ బాయిలు లేచాయి. వాటి చుట్టూ కాలనీలు వెలిశాయి. ఊరికి విడిగా పేరు పెట్టే తీరిక లేక బాయి నంబరే ఊరి పేరైన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. యైటింక్లైన్ కాలనీ అందుకు ఉదాహరణ.

ఇంక్లైన్ అంటే వాలు దారి. గోదావరి లోయలో బొగ్గు పొరలు భూమిలో సమంగా పరుచుకుని ఉండవు, ఒక పక్కకు వాలి ఉంటాయి. పొరను పట్టుకుని పోయే దారి కూడా ఆ వాలునే దిగుతుంది. షిఫ్టు మొదట్లో మనిషి దిగుతూ పోతాడు. ఎనిమిది గంటలు పని చేసి, ఒళ్లంతా పులిసిపోయాక ఎక్కుతూ పైకి రావాలి. బాయి పాతబడే కొద్దీ బొగ్గు దూరమవుతుంది, నడక పెరుగుతుంది. కాలి కింద బొగ్గు టబ్బుల్ని లాగే హాలర్ తాడు, వాటి పట్టాలు, స్లీపర్లు, ఊట నీటి బురద ఉంటాయి. కప్పు తక్కువగా ఉన్నచోట తల వంచి, నడుము వంచి పోవాలి. టోపీ దీపం చూపినంత మేరే దారి. కుర్చీలు వేలాడే తాడుతో మనుషుల్ని దింపే మ్యాన్‌రైడింగ్ ఏర్పాట్లు తర్వాతి దశకాల్లో ఒక్కొక్క గనికీ వచ్చాయి. వాటికి ముందు చాలా బాయిల్లో పని మొదలయ్యే లోపే, పని అయిపోయిన తర్వాత కూడా, జీతం లెక్కలోకి రాని శ్రమ ఇంకొకటి ఉండేది. అది ఈ నడక.

ఇంగ్లండు గనుల్లోనూ ఇదే తీరు. 1937లో జార్జ్ ఆర్వెల్ ఉత్తర ఇంగ్లండు గనులపై రాసిన పుస్తకంలో, తక్కువ ఎత్తు దారుల్లో వంగి నడిచే కార్మికుల వెన్నుపూసల మీద ఒక్కో పూసకు ఒక్కో గాయపు మచ్చ ఉండటం గమనించాడు. కప్పు దూలాలకు వీపు ఒరుసుకోవడం వల్ల వచ్చిన మచ్చలవి. గోదావరిఖని బాయిల్లో పొరలు మందంగా ఉండటం వల్ల వీపు ఒరుసుకునే బాధ అంత లేదు. ఇక్కడి వెన్నుకు దెబ్బ వేరే దారిన వచ్చింది.

ఆ దారి పేరు ఫిల్లింగ్. రామగుండం బాయిల తొలి మూడు దశకాల్లో కార్మికుల్లో పెద్ద వర్గం ఫిల్లర్లదే. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, తట్టను నెత్తికో భుజానికో ఎత్తుకుని, కొన్ని గజాలు నడిచి, టన్ను అటూఇటుగా పట్టే టబ్బులో పోయడం వాళ్ల పని. టబ్బు అంచు ఛాతీ ఎత్తున ఉంటుంది. నేలమీది తట్టను వంగి లేపడం, లేచి మళ్లీ పక్కకు తిరిగి ఎత్తిపోయడం: వంగడం, బరువు, మెలిక మూడూ ఒకే కదలికలో వస్తాయి. ఇప్పటి వైద్యశాస్త్రం వెన్నుపూసల మధ్య డిస్క్‌కు అన్నింటికన్నా చేటు చేసేదిగా చెప్పే కదలిక సరిగ్గా అదే. నిండిన టబ్బుల్ని బట్టి కూలి కాబట్టి నిదానంగా ఎత్తుదామనుకునే వీలు లేదు. టబ్బు పట్టాలు తప్పితే నలుగురు కలిసి భుజం పెట్టి ఎత్తాలి. ఆ ఎత్తుడులో నడుం పట్టేసిన వాళ్లు తట్ట దగ్గర పట్టేసిన వాళ్లకన్నా తక్కువేం ఉండరు. టింబర్ పని వాళ్లకు కర్ర దిమ్మలు, కప్పుకు ఊతమిచ్చే పనిలో చేతులు పైకెత్తి నిలబడే తిప్పలు. ట్రామ్మర్లకు టబ్బుల తోపుడు. ఇవన్నీ పోను పైకప్పు బండ జారి వీపున పడటం వేరే లెక్క. దాన్ని గాయం అనేవారు. మిగతాదంతా నడుంనొప్పి.

గాయానికీ నొప్పికీ మధ్య ఈ గీత కాగితాల మీదా ఉంది. 1952 గనుల చట్టం ప్రకారం కార్మికుడు 72 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనికి రాలేని స్థితి వస్తేనే అది తెలియజేయవలసిన గాయం. ఎముక విరిగితే తీవ్రగాయం. ఫిల్లర్ నడుం సాయంత్రం పట్టేస్తుంది, మర్నాడు నాగా పెట్టిస్తుంది, మూడో రోజుకు కాస్త వదులుతుంది. హాజరు మస్టర్లు తగ్గితే బోనసు, సెలవు లెక్కలు తప్పుతాయి కాబట్టి మనిషి మళ్లీ బాయి దిగుతాడు. నెలకో మారు ఇదే తంతు. పదేళ్ల తర్వాత కాలు తిమ్మిరెక్కి, పిక్కలోకి నొప్పి దిగి, తట్ట ఎత్తలేని రోజు వస్తుంది. ఆ రోజును ఏ ఒక్క ప్రమాదం ఖాతాలోనూ వేయలేరు. గనుల చట్టంలో నమోదు కావలసిన వృత్తి వ్యాధుల పట్టికలో ఊపిరితిత్తుల దుమ్ముజబ్బులకు మొదటి నుంచీ చోటుంది. నడుముకు ఆ గౌరవం దక్కలేదు. ఈ సీమలో నడుంనొప్పి చరిత్ర ఎక్కువగా నోటి మాటల్లోనే మిగలడానికి ఇదొక కారణం.

ఇంటి వైద్యానికి మాత్రం కొదవ లేదు. వావిలాకు ఉడికించిన నీళ్లతో కాపడం, వేడి చేసిన ఇసుక మూట, నువ్వులనూనె మర్దన ఉండేవి. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి చేత నడుం తొక్కించుకోవడం తెలుగునేల అంతటా ఉన్న నమ్మకం. కార్మికులు పల్లెల నుంచి వచ్చిన వాళ్లు కాబట్టి అది కాలనీల్లోకీ వచ్చింది. కాపడం వల్ల బిగుసుకున్న కండ వదులుతుంది, అందులో తప్పేమీ లేదు. తొక్కించుకోవడమే ప్రమాదం. డిస్క్ జారిన వెన్నుమీద మనిషి బరువు పడితే నరం నలిగే అవకాశం ఉంటుంది. కంపెనీ ఏరియా ఆస్పత్రి పెరిగాక మాత్రలు, సూదులు, నడుం బెల్టు, ట్రాక్షన్ వచ్చాయి. వీటన్నింటి వెనుకా ఒకటే సలహా: పడుకో.

ఆ సలహా అప్పటి ప్రపంచమంతటా ఉన్నదే. 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ డిస్క్ జారి నరాన్ని నొక్కడమే సయాటికాకు మూలమని చూపించాక, డిస్క్‌పై బరువు పడకుండా చెక్కబల్ల మీద వారాలపాటు పడుకోబెట్టడం పద్ధతయింది. దాన్ని గట్టిగా ప్రశ్నించింది 1986 నాటి ఒక అమెరికా పరిశోధన. కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి రాసి చూస్తే, ఏడు రోజులు పడుకున్న వాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు, పని దినాలు పోవడం తప్ప. హెల్సింకి నగరపాలక ఉద్యోగుల మీద జరిగి 1995లో వెలువడిన అధ్యయనంలో పడుకున్న వాళ్లకన్నా, వ్యాయామాలు చేసిన వాళ్లకన్నా, ఓర్చుకోగలిగినంత మేర మామూలుగా తిరిగిన వాళ్లే త్వరగా కోలుకున్నారు. 2024లో వెలువడిన అధ్యయనంలో ఆస్ట్రేలియా పరిశోధకులు నడుంనొప్పి తగ్గిన 701 మందిని తీసుకుని సగం మందికి క్రమంగా పెంచుకుంటూ పోయే నడక నేర్పారు. నేర్చుకున్న వాళ్లలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం 208 రోజులు, తక్కిన వాళ్లలో 112 రోజులు. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు అన్నది ఆ నడక లక్ష్యం. ఖర్చేమీ లేని వైద్యం. విరిగిన వెన్నుపూసకు మాత్రం ఇది పనికిరాదు. కాలు బలం పోవడం, మూత్రం మీద పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే నడక మాట పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

చదును ఎందుకు అన్నదానికి జవాబు ఒక్కటి కాదు. డిస్క్ జారిన నడివయసు మనిషికి వంగితే నొప్పి. గట్టు ఎక్కేటప్పుడు ఒళ్లు తనంతట తానే ముందుకు వంగుతుంది. వెన్నుకాలువ ఇరుకైన ముసలి కార్మికుడికి ఇది తారుమారు. ముందుకు వాలితే అతనికి సుఖం, దిగుడులో ఒళ్లు వెనక్కి వాలితే కాళ్లు బరువెక్కి నిలబడిపోతాడు. ఒకరికి ఎక్కుడు పడదు, ఇంకొకరికి దిగుడు పడదు. ఇద్దరూ కలిసి నడవగలిగింది సమతల నేల మీదే. పైగా జీవితమంతా ఇంక్లైన్ ఎక్కి దిగిన వాళ్ల మోకాళ్లు కూడా అరిగి ఉంటాయి. వదులు ఇసుకలో అడుగు దిగబడి నడుం మెలిక పడుతుంది కాబట్టి అదీ మంచిది కాదు. గట్టి నేల కావాలి, గుంతలు ఉండకూడదు, మధ్యలో కూర్చోవడానికి అరుగో బెంచీయో ఉండాలి. అలిసిపోతే వెనక్కి వచ్చేందుకు దారి పొడవు మరీ ఎక్కువ కాకూడదు.

బొగ్గు తవ్విన దేశాల్లో ఇట్లాంటి నేలను సముద్రపు ఒడ్డున వెతికిన వాళ్లు బ్రిటన్ కార్మికులు. వేల్స్ తీరంలోని పోర్త్‌కాల్‌లో ‘ద రెస్ట్’ అనే విశ్రాంతి గృహాన్ని 1862లోనే డాక్టర్ జేమ్స్ లూయిస్ నెలకొల్పాడు. గనుల్లో, ఇనుప కర్మాగారాల్లో దెబ్బతిన్న వాళ్లు అక్కడ కొన్ని వారాలు ఉండి కడలి ఒడ్డున నడిచి కోలుకునేవారు. 1920లో బ్రిటన్ చట్టం టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున గని కార్మికుల సంక్షేమ నిధి వసూలు చేయించింది. ఆ దశకంలోనే లాంకషైర్ గని కార్మికులకు బ్లాక్‌పూల్‌లో, డెర్బీషైర్ వాళ్లకు స్కెగ్‌నెస్‌లో కోలుకునే గృహాలు వచ్చాయి. స్కెగ్‌నెస్ అయితే మైళ్ల కొద్దీ బల్లపరుపు తీరం. ఎముక అతికిన మనిషి మళ్లీ బొగ్గు తవ్వే దాకా మధ్యలో ఒక దశ ఉంటుందని, ఆ దశకు ఒక చోటు కావాలని అక్కడ గుర్తించారు.

భారతదేశంలో 1947లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చి బొగ్గు మీద సెస్సు పడింది. ఆ సొమ్ము ఆస్పత్రులకు, ఇళ్లకు, తాగునీటికి పోయింది. అవేవీ లేని కాలంలో అది సబబే. కోలుకునే దశ మాత్రం వేరే రూపం తీసుకుంది. సింగరేణిలో నడుం పోయిన కార్మికుడి ముందు మూడు దారులుండేవి. సిక్ రాయించుకోవడం ఒకటి. అది అయిపోతే బాయి పైన తేలిక పని అడగడం ఇంకొకటి. ఈ సర్ఫేస్ పోస్టులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. మూడోది కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లి అన్‌ఫిట్ కావడం. అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఉద్యోగం వస్తుందన్న ఏర్పాటు ఉన్న కాలంలో ఈ మూడో దారి బరువు చాలా పెరిగింది. కోలుకుంటే తనకు పని, కోలుకోకపోతే కొడుక్కి పని. నడుంనొప్పి ఎక్స్‌రేలో తేలిగ్గా కనపడదు కాబట్టి బోర్డు అనుమానించేది, కార్మికుడు మండిపడేవాడు. నిజంగా నొప్పి ఉన్నవాడు కూడా ఉదయం చక్కగా నడుస్తూ నలుగురి కంట పడటానికి జంకేవాడంటే తప్పు అతనిది మాత్రమే అనలేం. 1990ల చివర నుంచి వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. తెలంగాణ వచ్చాక వాటిని మళ్లీ తెచ్చే ప్రయత్నాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. అనారోగ్యంతో దిగిపోయిన వాళ్ల కుటుంబాలకు కారుణ్య నియామకాలు అన్న రూపంలో తర్వాత అది నిలిచింది.

నడిచే నేల ఊళ్లో ఎక్కడుందో చూడాలంటే ముందు ఊరి కింద ఏముందో చూడాలి. బొగ్గు తీసిన ఖాళీ పైన నేల కుంగుతుంది. కుంగకుండా ఉండాల్సిన చోట్ల కంపెనీ ఖాళీని ఇసుకతో నింపుతుంది. నీళ్లతో కలిపి గొట్టాల్లో దింపే ఈ పనిని శాండ్ స్టోయింగ్ అంటారు. రామగుండం బాయిలకు ఆ ఇసుక గోదావరి నుంచే వచ్చింది. దశాబ్దాలపాటు నది ఒడ్డు ఇసుక బంకర్ల మీదుగా భూగర్భంలోకి పోయింది. పైన కాలనీ వీధులు, పవర్‌హౌస్ కాలనీ, లక్ష్మీనగర్ చుట్టుపక్కల రోడ్లు చదునుగా నిలిచి ఉండటంలో ఆ ఇసుకకూ కొంత పాలుంది. నింపని చోట్ల పొలాల్లో పగుళ్లు వచ్చాయి, నేల గిన్నెలా దిగింది.

1975లో మొదలైన ఓపెన్‌కాస్టు గనులు నేల ఆకారాన్నే మార్చాయి. బొగ్గు మీద ఉన్న మట్టినంతా తీసి పక్కన పోయగా లేచినవే ఓబీ గుట్టలు. అంతకుముందు పొలాల గట్ల వెంట నడిచి వెళ్లే దారులు కొన్ని గోతుల్లో కలిశాయి, కొన్ని గుట్టల కింద పడ్డాయి. కొన్ని ఊళ్లే లేచిపోయాయి. రోడ్ల మీద బొగ్గు టిప్పర్లు, ఉదయానికి ఆకుల మీద నల్లని పొడి, మధ్యాహ్నం బ్లాస్టింగ్. హైదరాబాద్ నుంచి మంచిర్యాల వైపు పోయే రాజీవ్ రహదారి చదునుగానే ఉన్నా నడుం బెల్టు పెట్టుకుని అంచున నడవడానికి అది పనికిరాదు. అప్పుడు మిగిలినవి కాలనీల లోపలి రోడ్లు, గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఎన్టీపీసీ జ్యోతినగర్, ఎఫ్‌సీఐ టౌన్‌షిప్ వీధులు. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడ్డాక ఆ టౌన్‌షిప్ కళ తప్పింది గానీ రోడ్లు, చెట్ల నీడ మిగిలాయి. స్టేడియం చుట్టూ ఉదయం నడిచే వాళ్లలో రిటైరైన కార్మికులు ఎక్కువ. ఒకప్పుడు కలిసి ఒకే షిఫ్టులో దిగిన వాళ్లే అక్కడా జట్లుగా నడుస్తారు. ఎవరి నడుం ఎంత దూరం ఓపుతుందో జట్టుకు తెలుసు, వేగం దాన్నిబట్టే ఉంటుంది.

రామగుండం ఎండ రాష్ట్రంలోనే పేరుమోసింది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మామూలే. కాబట్టి ఇక్కడ నడక తెల్లవారుజామున అయినా ఉండాలి, పొద్దుగూకినాక అయినా ఉండాలి. నైట్ షిఫ్టు వాళ్లకు ఉదయం నిద్ర, సెకండ్ షిఫ్టు వాళ్లకు సాయంత్రం బాయి. షిఫ్టులు వారం వారం మారే మనిషికి రోజూ ఒకే వేళ అరగంట నడవమని రాసిచ్చే చీటీ కాగితం మీద తేలికే.

సముద్రం ఈ జీవితాల్లోకి ఎల్‌టీసీతో వచ్చింది. బొగ్గు కార్మికుల జాతీయ వేతన ఒప్పందాలు 1975 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి కింద దక్కిన ప్రయాణ రాయితీ వల్ల కార్మిక కుటుంబాలు తిరుపతి, రామేశ్వరం, పూరీ, విశాఖ చూశాయి. విశాఖ పక్క వాల్తేరు పందొమ్మిదో శతాబ్దంలోనే ఆరోగ్యం కోసం దొరలు వచ్చి ఉండే తీరం. నడుం నొప్పి ఉన్న మనిషికి విశాఖలో పనికొచ్చేది ఇసుక కాదు, బీచ్ రోడ్డు కాలిబాట. అక్కడ ఇసుక నీటి వైపు నిటారుగా వాలి ఉంటుంది, అలల లాగుడు ఎక్కువ. వాలు ఇసుక మీద ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లాన పడితే నడుం ఒక పక్కకు ఒరిగిపోతుంది. సూర్యలంక, మంగినపూడి తీరాలు దీనికి భిన్నం. నేల నిదానంగా సముద్రంలోకి దిగుతుంది, ఆటు వేళ తడి ఇసుక గట్టిపడి అడుగు నిలుస్తుంది. వెళ్లేటప్పుడు ఎడమ కాలు పల్లాన ఉంటే తిరిగి వచ్చేటప్పుడు కుడి కాలు ఉంటుంది కాబట్టి కొంత సర్దుబాటు అవుతుంది. అయినా నాలుగేళ్లకోసారి పోయే యాత్ర వైద్యం కాలేదు. రాత్రంతా రైల్లో కూర్చుని పోవడమే నడుముకు ముందు శిక్ష.

రోజూ నడవగలిగే తీరం గోదావరిదే అయింది. అది కూడా కంపెనీయో పురపాలకమో నడక కోసం కట్టింది కాదు. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల కోసం కట్టిన మెట్లు, రోడ్లు, విద్యుద్దీపాలు మిగతా పదకొండేళ్లూ నడిచే వాళ్లకు పనికొచ్చాయి. 1991, 2003, 2015 పుష్కరాల్లో ఒక్కోసారి గోదావరిఖని ఒడ్డుకు కొంత దారి, కొంత కాంక్రీటు చేరింది. గంగానగర్ దాటి వంతెన వైపు వెళ్లే దారి, స్నానఘట్టాల పైభాగం, సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మైదానం వరుసగా వస్తాయి. జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఆ మైదానాన్ని చదును చేసే పని కూడా రెండేళ్లకోసారి జరుగుతుంది. మెట్లు నడుముకు పనికిరావు, వాటి పైనున్న సమతలమే పనికొస్తుంది. వంతెన మీద నడిస్తే గాలి బాగుంటుంది గానీ లారీల అదురు కాళ్లలోకి వస్తుంది.

ఒడ్డు ముందున్న నీళ్లూ మారుతూ వచ్చాయి. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు 20 టీఎంసీల నీటిని నిలిపాక దిగువ గోదావరిఖని దగ్గర వేసవిలో నది ఇసుక తిన్నెలుగా, మధ్యలో సన్నని పాయగా మిగిలేది. 2019లో కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా దిగువన సుందిళ్ల బ్యారేజీ రావడంతో ఎన్నడూ లేనట్టు ఎండాకాలంలోనూ నిండు నీళ్లు ఒడ్డును తాకాయి. సాయంత్రాలు జనం పెరిగారు, బజ్జీల బండ్లు వచ్చాయి. 2023 అక్టోబరులో అదే ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక పై బ్యారేజీలనూ ఖాళీ చేయడంతో మళ్లీ ఇసుక తేలింది. నీళ్లున్న నాలుగేళ్లలో తడిసిన గట్టు కొన్నిచోట్ల దిగబడి, నడిచే దారిలో కొత్త ఎత్తుపల్లాలు వచ్చాయి.

ఈలోగా నడుంనొప్పి మనుషులూ మారారు. తట్టా చెమ్మస్ స్థానంలో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. 1983లో ఏడో ఇంక్లైన్‌లో లాంగ్‌వాల్ పద్ధతి మొదలైంది. 1990ల తొలి ఏళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఫిల్లర్ల తరం రిటైరైంది. వాళ్ల కొడుకులు కొందరు ఓపెన్‌కాస్టుల్లో 60, 100 టన్నుల డంపర్లు నడుపుతున్నారు. డంపర్ సీటు గంటల తరబడి అదురుతుంది. గతుకుల హాల్ రోడ్డు మీద ఒక్కో కుదుపూ తిన్నగా వెన్నుపూసకు దిగుతుంది. ఇట్లాంటి ఒళ్లంతటి కంపనాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 1974 నుంచే ఉంది. సీటు కింది స్ప్రింగు అరిగినప్పుడు మార్చడం, హాల్ రోడ్డును గ్రేడర్‌తో చదును చేయించడం నడుముకు మందులకన్నా మేలు. తండ్రికి బరువెత్తడం వల్ల వచ్చింది కొడుక్కి కూర్చోవడం వల్ల వస్తోంది. ఇద్దరికీ డాక్టరు చెప్పేది అదే అరగంట నడక. ఆ నడకకు గంగ ఒడ్డున బాగుపడవలసిన దారి తర్వాతి పుష్కరాల పనుల కోసం చూస్తోంది. అవి 2027లో.